నీలం డబ్బా గొంతులు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే, ఈ కుర్చీలోనే రాలిపోవాలి. నాలుగోది కట్టుడు పన్ను. దానిమీద ఒట్టు చెల్లదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

మా భవనంలో చెత్త పారేయడం కన్నా కోర్టులో కేసు గెలవడం తేలిక. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, ప్లాస్టిక్కుకు పసుపుది, కాగితాలకు నీలంది. ఏది ఎందులో వేయాలో చెప్పే నోటీసు గేటు నుంచి ఐదో అంతస్తు దాకా మెట్ల గోడంతా అంటించారు. కింద చదవడం మొదలుపెట్టిన ఒకాయన మూడో అంతస్తు చేరేసరికి రిటైరయ్యాడు. కవరుకున్న ప్లాస్టిక్ కిటికీ ఊడదీయాలి. అట్టపెట్టె చదును చేయాలి. అన్నిటికన్నా పెద్ద తంటా సొంత కాగితాలతో. ముక్కలు ముక్కలుగా చింపితే చెత్త బండాయన తీసుకోడు, అరచేతికన్నా చిన్న ముక్క వాళ్ళ యంత్రంలో నిలవదట. కాలిస్తే జరిమానా. చింపకుండా వేస్తే నీలం డబ్బా చదివేస్తుంది.

రోజూ పొద్దున్న ఏడింటికి, బండి రాకముందు చదువుతుంది. కాగితం ఎవరి గురించైతే వాళ్ళ గొంతుతోనే. రెండో అంతస్తు లాయరుగారి తండ్రి పోయి ఆరేళ్ళయింది. ఆయన మీద ఎవరో రాసిన పాత ఫిర్యాదు ఒకటి ఏ అటక మీదో బయటపడి డబ్బాలోకి చేరితే, మధ్యమధ్య ఆయన దగ్గు కూడా వినిపించింది. లాయరుగారు పళ్ళు తోముకుంటూ బాల్కనీలో నిలబడి చివరిదాకా విని, లోపలికెళ్ళి నోరు పుక్కిలించాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. లిఫ్టు మూలుగుతుంది, డబ్బా చదువుతుంది, అంతే.

మూడో అంతస్తులో ఇద్దరు అక్కచెల్లెళ్ళుండేవారు. పెద్దది బట్టలు కుడుతుంది. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకుంటే కుంటివాళ్ళు కూడా వయ్యారంగా నడుస్తారు. చిన్నది సర్వే ఆఫీసులో పటాలు గీస్తుంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన పెద్ద ఉద్యోగం ఆమెకు వచ్చింది. సముద్రం ఒడ్డునున్న ఊరు, తీరమంతా కొత్తగా గీయాలి. ఐదు రోజుల్లో ప్రయాణం. ఇల్లంతా సర్దుతోంది.

"అక్కా, నీ సొరుగు కూడా సర్దేస్తా. ఎలుకలు కాపురం పెట్టుంటాయి."

"దాని జోలికి రాకు తల్లీ. నువ్వు సర్దితే నా కత్తెర వెతకడానికి సర్వే చేయించాలి."

ఆ సొరుగు అడుగున కంటి ఆసుపత్రి రిపోర్టుంది. నాలుగు పేజీలు. కంటి నరాలు ఎండిపోతున్నాయనీ, పక్కచూపు పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు ఆవిడకు నోటితోనే చెప్పాడు. చుక్కల మందు సీసా గుండీల డబ్బాలో దాచుకుంది. ఈ సంగతి చెల్లెలికి తెలిస్తే సూట్‌కేసు విప్పేసి ఇక్కడే కూర్చుంటుంది. అదే ఆవిడ భయం.

"మొన్న కూడా గుమ్మానికి గుద్దుకున్నావ్," అంది చెల్లెలు అనుమానంగా.

"గుమ్మమే జరిగిందే. పాత ఇల్లు కదా."

ఆ మధ్యాహ్నం చెల్లెలు బజారుకెళ్ళగానే అక్క రిపోర్టు తీసి, దర్జీ బుర్ర కదా, దాన్ని చంటిపిల్ల గౌనుకు కటింగులుగా కోసేసింది. వీపు, ముందుభాగం, చేతులు, మెడపట్టీ. అన్నీ అరచేతికన్నా పెద్దవే కాబట్టి బండాయన కాదనడు. అక్షరాలన్నీ వంకర్లు తిరిగాయి కాబట్టి డబ్బా చదవలేదనుకుంది. ఇంత తెలివి తనకెక్కడిదా అని మురిసిపోతూ వేసి వచ్చింది.

మర్నాడు ఏడింటికి డబ్బా ఆవిడ గొంతుతో మొదలెట్టింది. "ఎడమ... ముప్పై... ఎండి... పక్కకు... ఎడమ..."

"అదేంటక్కా, నీ గొంతు?" అంది చెల్లెలు.

"పాత కాగితం మీద గౌను కటింగు కోశాను. దానికేం అర్థమవుతుంది, పిచ్చి డబ్బా."

చదవడం పూర్తికాని డబ్బాను ఎత్తకూడదని నోటీసులో నూట నలభయ్యో నియమం. బండాయన మూత మీద ఓసారి తట్టి వెళ్ళిపోయాడు.

రెండో రోజు అది గొణిగింది. ఎవరో చీకటిగదిలో తమది కాని గౌను తొడుక్కుంటూ, చెయ్యి మెడలో దూర్చి, తల చేతిలో దూర్చి అవస్థ పడుతున్నట్టుంది. మూడో రోజు బండి వెళ్ళాక కూడా ఆగలేదు. రోజంతా ఆవిడ గొంతే, సన్నగా, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. అపార్టుమెంటు పిల్లులన్నీ, ఏం లేదన్నా రెండువందలుంటాయి, దూరంగా వరసలో కూర్చుని చూశాయి.

సాయంత్రం అక్క కిందికి దిగి మూత ఎత్తింది. గొంతు ఆగిపోయింది. లోపల ముక్కలన్నీ అంచుకు అంచు ఆనుకుని, కుట్టబోయే ముందు తను పరుచుకున్నట్టే పరుచుకుని ఉన్నాయి. కానీ అది గౌను కాదు. నాలుగు పేజీలు. తీయబోతే ఒక్కటీ కదల్లేదు. వేలితో తడిమితే ఎక్కడ కోసిందో తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున్న డబ్బా మొత్తం చదివింది. పేరు, వయసు, ఏ కన్ను ఎంత పోయిందీ అంతా. మెట్ల దగ్గర సూట్‌కేసు పట్టీలు బిగిస్తున్న చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. అక్క గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత డబ్బా ఆఖరి వరుస చదివింది. "తోబుట్టువులుంటే వారికీ వెంటనే పరీక్ష చేయించాలి." కాసేపాగి మళ్ళీ అదే. మూడోసారీ అదే, ఈసారి చెల్లెలి గొంతుతో.

"ఆ వరుస నాకు కనపడలేదే," అంది అక్క. "చిన్న అక్షరాలు."

చెల్లెలు సూట్‌కేసును పక్కకు నెట్టింది. తర్వాత, "చెప్పులేసుకో. ఆసుపత్రికి దారి నీకే తెలుసుగా," అంది.

చెల్లెలి కళ్ళలోనూ అదే మొదలైంది, గోరంత. ఇంకో మూడేళ్ళు ఆగితే పటం మధ్యలో ఊరు కనపడేదిగానీ చుట్టూ సముద్రం కనపడేది కాదన్నాడు డాక్టరు. చుక్కలు మొదలెట్టారు. ఉద్యోగంలో చేరడానికి రెండు వారాలు గడువడిగి, అక్కతో రెండు రోజులకోసారి పోట్లాడి, మూడు సీసాలతో వెళ్ళింది. ఇప్పుడు తీరం గీస్తోంది. అక్క మిగిలిన చూపును ఉన్నచోటే నిలబెట్టుకుని, పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పి చూస్తూ కుడుతోంది. డబ్బా అంతా చదివేసిన ఆ పొద్దున బండాయన దాన్ని ఎత్తితే అందులో ఏమీ లేనంత తేలిగ్గా ఉందట.

సరే పిల్లా, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నది చాలు, లే. ఆ అట్టపెట్టె చదును చేసి కిందికి పట్టుకెళ్ళు. వెళ్ళినదానివి కాసేపు డబ్బా దగ్గర నిలబడు. నిన్నటి నుంచీ నా గొంతుతో ఏదో గొణుగుతోంది. నేనైతే అందులో ఏ కాగితమూ వేయలేదు, నా గురించి ఎవరు వేశారో మరి. ఏమంటోందో పూర్తిగా విని, వచ్చి నాకు చెప్పు.