చాందిని నిద్ర

గుర్రం కాళ్ల పట్టీలు ఉతికే పని తన మెడకు ఎప్పుడు చుట్టుకుందో స్వరూపకు బాగా గుర్తు. మూడేళ్ల కింద, చాందిని అనే ఆ గుర్రం తబేలాకు వచ్చిన కొత్తలో, భర్త ఎల్లేష్ ఒక సంచి తెచ్చి గడపలో పెట్టాడు. "తబేలల సబ్బు దానికి పడ్తలేదే, కాళ్లకు దద్దుర్లు లేస్తున్నయ్. జర ఈ నాలుగు పట్టీలు పిండిపెట్టు" అన్నాడు. నాలుగు పట్టీలే కదా అనుకుంది. అప్పటినుంచి ఫ్యాక్టరీకి సెలవుండే ఒక్క ఆదివారం కూడా చాందినికే పోయింది. బోరు నల్లా దగ్గర పీట వేసుకుని, రెండు బారల పొడుగుండే ఆ పట్టీలను చంటిపిల్లల సబ్బుతో ఉతకాలి. మామూలు సబ్బు తగలకూడదు. కన్నకూతురు పూజ పసిగుడ్డుగా ఉన్నప్పుడు కూడా ఈ ఇంట్లోకి ఆ సబ్బు రాలేదు.

ఎల్లేష్ షాద్‌నగర్ బయట పందెపు గుర్రాలను సాకే ఫారంలో సైసు. ఒక్కో సైసుకు ఒకటో రెండో గుర్రాలు అప్పగిస్తారు. వాటి మేత, స్నానం, మాలీషు, రోగం, అలక, అన్నీ అతనివే. ఎల్లేష్‌కు అప్పగించింది చాందినిని. గోధుమరంగు ఒళ్లు, నుదుట తెల్లమచ్చ, ఐదేళ్ల ఆడగుర్రం. కొత్తకోట నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఈ కుటుంబంలో చాందిని పేరు వినపడకుండా ఒక్క పూట గడవదు. వాడకట్టులో ఎల్లేష్‌కు మంచి పేరుంది. తాగడు, కొట్టడు. ఆ రెండు మాటలూ ఆడవాళ్లు స్వరూపకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. తాగని, కొట్టని మొగుడి మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది? పోనీ ఆ చాందిని ఇంకో ఆడదయినా బాగుండేది. జుట్టు పట్టుకునేది, పుట్టింటికి పోయేది, పెద్దమనుషుల్లో పెట్టేది. గుర్రాన్ని చూసి కుళ్లుకుంటున్నానని ఎవరితో చెప్పుకోవాలి? చెప్తే పడీపడీ నవ్వుతారు.

కానీ కుళ్లుకుంటోంది. కడుపులో మంట పెట్టుకుని మరీ కుళ్లుకుంటోంది. చాందినికి నెలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలకు కొత్త నాడాలు కొట్టిపోతాడు, స్వరూప చెప్పుకు రెండేళ్లుగా పిన్నీసు ఉంది. చాందిని కాస్త కుంటితే పట్నం నుంచి డాక్టరు కారులో దిగుతాడు. స్వరూప నడుం పట్టేసి వంగలేకపోతే, "వంటింట్ల గాలి తగిలి ఉంటది, జర కాపడం పెట్టుకో" అంటాడు ఎల్లేష్. చాందిని దాణాలో మొహం పెట్టకపోతే ఆ రోజు ఇతనికీ అన్నం సయించదు. "ఏమైందో ఏమో, నా బిడ్డ ఇయ్యాల దాణా ముట్టలె" అని కంచం ముందు దిగులు పడతాడు. ఆ కంచంలో వడ్డించిన మనిషి తిన్నదా లేదా అని ఇన్నేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. ఒకసారి అత్త మల్లమ్మ దగ్గర నోరు జారితే, "నోరులేని జీవం మీద పడి ఏడుస్తవేందే" అని గదమాయించింది. నోరుండి నేనేం బావుకున్నాను అనుకుంది స్వరూప, పైకి అనలేదు.

ఆ ఆదివారం పట్టీల మీద అంత కసి పుట్టడానికి కారణం బ్యాగులో ఉంది. ఆమె మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఏడాది పాటు రాత్రి డ్యూటీకి మనుషులు కావాలని, ఇష్టమున్న ఆడవాళ్లు సంతకం చేసి ఇవ్వాలని సూపర్వైజరు కాగితాలు పంచాడు. సోమవారం ఆఖరు. స్వరూపకు రాత్రి డ్యూటీ కొత్త కాదు. కిందటి ఎండాకాలం మూడు నెలలు చేసింది. పొద్దున్నే వచ్చి, వంట చేసి, పూజను బడికి పంపి, పక్క మీద వాలేది. "పండుకో బిడ్డా, ఎవరొద్దన్నరు" అనేది మల్లమ్మ. అరగంటకు, "గ్యాసాయన వచ్చిండు, జర లెవ్వు." ఇంకో గంటకు, "నల్లా వచ్చింది, రెండు బిందెలు పట్టి పండుకో." మధ్యాహ్నం ఎల్లేష్ తిండికి వచ్చి గేటు ముందే బండి హారన్ మోగించేవాడు. ఆమె లేచి తలుపు తీయాలి, అన్నం పెట్టాలి. మూడు నెలలకు కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, బస్సులో నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోవడం మామూలైపోయింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, నిద్ర చాలడం లేదంది. అది విని మల్లమ్మ బుగ్గ నొక్కుకుంది. "పొద్దంత మంచం మీదనే ఉంటది, నిద్ర లేదంట!"

మళ్లీ ఇప్పుడు ఏడాది. సూపర్వైజరు ఒక్కొక్కరినీ అడిగాడు, ఇంట్లో ఒప్పుకుంటారా అని. స్వరూప ఇంటికొచ్చి ఎల్లేష్‌ను అడిగింది. వద్దంటాడేమోనని చిన్న ఆశ. అతను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మంచిదే గదనే. పొద్దంత ఇంట్లనే ఉంటవ్. ఇంటి పనయితది, డ్యూటీ అయితది. నేనొప్పుకున్ననని చెప్పు." ఆమె అదే మాట సూపర్వైజరుకు చెప్పేసింది. సంతకమొక్కటే మిగిలింది. ఆ సంతకం పెడితే తన ఒళ్లు ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెట్టకపోతే ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు.

పట్టీలు దండెం మీద ఆరేస్తుంటే ఎల్లేష్ ఉరుకులు పరుగులతో వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"స్వరూపా, చేతులు తుడుచుకొని రా. అర్జీ రాసేది ఉంది. నాకు ఆ పెద్ద మాటలు రావు."

సంగతేమంటే, పందేలు నడిపే క్లబ్బు వాళ్లు రాత్రిపూట పెద్దపెద్ద లైట్లు పెట్టి పందేలు ఆడించాలని చూస్తున్నారు. ఫారాల వాళ్లను మీ మాట చెప్పమన్నారు. మేనేజర్ శ్రవణ్‌కుమార్ మధ్యాహ్నం మూడింటికి సైసులందరినీ కూర్చోబెడతాడు. ఎల్లేష్ చాప మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు. స్వరూప పూజ నోటుపుస్తకంలో కాగితం చింపి రాస్తోంది.

"రాత్రయితె దానికి చీకటుండాలె అని రాయి. ఆ లైట్లు కండ్లల్ల పడితె బెదురుతదని రాయి. దాని యాళ్ల దానికుంటది, ఆ యాళ్ల తప్పితె తిన్నది అరగది, ఒళ్లు చెడ్తదని రాయి. పందెం పెట్టెటోళ్లకు ఒక్క రాత్రి, దానికి వారం రోజులు గుణం మారుతదని రాయి."

రాస్తూ రాస్తూ స్వరూప పెన్ను ఆపింది. "పగలు పండుకుంటది గదయ్యా?" అంది, కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఎల్లేష్‌కు కోపమొచ్చింది. "పగలు పండుకుంటె రాత్రి నిద్రయితదా? ఆ లొల్లిల, ఆ ఎండల ఎట్ల పడ్తది కన్ను? ఒకలు వస్తరు, ఒకలు పోతరు. పానం ఖరాబయితది. నీకేం తెలుసే!"

పెన్ను ముల్లు కాగితంలోంచి దూసుకుపోయి చాపకు తగిలింది. నీకేం తెలుసు! ఇదే చాప మీద, ఇదే కిటికీ కింద, మూడు నెలలు కళ్లు మండుతూ పడుకున్న మనిషిని పట్టుకుని, ఆ చప్పుళ్లన్నిటికీ లేపబడ్డ మనిషిని పట్టుకుని, నీకేం తెలుసు అంటున్నాడు. అతనికి అన్నీ తెలుసు. నిద్ర చాలకపోతే గుణం మారుతుందని తెలుసు, పగటి నిద్ర నిద్ర కాదని తెలుసు. తెలిసిందంతా గుర్రం దగ్గరే వదిలి, చేతులు కడుక్కుని ఇంటికొస్తాడు. పెట్టాలి, రాత్రి పందేలు పెట్టి తీరాలి అనుకుంది స్వరూప పళ్లు బిగించి. ఉరకనీ లైట్ల కింద. దాని కళ్లూ మండనీ. అనుకుంటూనే అర్జీ మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి చేసింది. చదవడానికీ ఆమే రావాలన్నాడు, తను తడబడతానని.

ఫారం గేటుకు ఇంకా వంద గజాలుందనగా ఎల్లేష్ బండి ఇంజన్ ఆపేశాడు. "దిగు. గుర్రాలు జర కునుకు దీసే టైమిది" అని గుసగుసగా చెప్పి, ఆ ఎండలో బండిని తోసుకుంటూ నడిచాడు. లోపల సైసులు చెప్పులు విడిచి తిరుగుతున్నారు. ఒకరి చేతిలో బకెట్ తగిలి చప్పుడైతే నలుగురు చురచురా చూశారు. ఎల్లేష్ ఆమెను చాందిని గది దగ్గరికి తీసుకుపోయాడు. పైన ఫ్యాను, కిటికీకి దోమల జాలీ, కింద మెత్తని గడ్డి. చాందిని కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది.

"గుర్రం ఊకె కింద పండదే. భయం లేని జాగలనే పంటది. నేనుంటెనే పంటది." ఆ మాట చెప్తుంటే అతని మొహం వెన్నలా ఉంది. పెళ్లయి పద్నాలుగేళ్లలో ఆ మొహం స్వరూప ఎన్నడూ చూడలేదు. చాందిని ఒక కన్ను తెరిచి, నిలబడ్డది ఎల్లేష్ అని చూసుకుని, మళ్లీ మూసుకుంది. ఆ మూసుకోవడం చూసి స్వరూపకు ఏడుపొచ్చింది. సబ్బూ, నాడాలూ, డాక్టరూ అన్నీ పోనీ. తలుపు దగ్గర ఒకడు కాపలా ఉన్నాడని నమ్మి అట్లా కన్ను మూయడం తనకు ఒక్క మధ్యాహ్నం దొరికినా చాలు.

మూడింటికి షెడ్డులో అందరూ కూర్చున్నారు. స్వరూప అర్జీ చదివింది. శ్రవణ్‌కుమార్ మర్యాదగానే విన్నాడు. "మీరు చెప్పింది బాగుందమ్మా. కానీ ఎండాకాలం పగటి పందేలల్ల గుర్రాలు వడదెబ్బకు అల్లాడుతున్నయ్. రాత్రయితె చల్లగుంటది, పని చేసుకునేటోళ్లు గూడ చూడనీకి వస్తరు. నిద్రంటరా, పగలు పోవచ్చు గదా. కొన్ని రోజులైతె అదే అలవాటయితది."

సైసులు ఎల్లేష్ వైపు చూశారు. ఎల్లేష్ గొంతు సవరించుకునేలోపే స్వరూప మాట్లాడింది. తనే మాట్లాడుతున్నానని కూడా ఆమెకు తెలియలేదు.

"పగటి నిద్ర నిద్ర గాదు సార్. పండుకున్నట్టు అందరికి కనవడ్తది, నిద్ర పట్టది. కన్ను మూతపడంగనే ఒకలు పిలుస్తరు. తలుపు తియ్యమంటరు, నల్లా వచ్చింది పట్టుమంటరు. లేస్తం. మళ్ల పంటం, మళ్ల లేపుతరు. రాత్రి పనికాడ నిలవడ్తె కాళ్లు యాడున్నయో తెల్వది. నెల రోజులైతె కోపమొస్తది. రెండు నెలలైతె కోపం గూడ రాదు. మూడు నెలలకు ఎవరేం జెప్తె గది చేస్తం. అప్పుడంటరు సార్, సూడు, అలవాటయిందని."

శ్రవణ్‌కుమార్ నవ్వు దాచుకుంటూ, "నల్లా వచ్చిందని గుర్రాన్నెవరు లేపుతరమ్మా?" అన్నాడు.

"అవు సార్" అంది స్వరూప. "గుర్రాన్నెవరు లేపుతరు?"

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఎల్లేష్ తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు. మేనేజరు కాగితం మడిచి, క్లబ్బుకు పంపిస్తానని, వాళ్లేమంటారో చూద్దామని లేచాడు.

దారిలో చటాన్‌పల్లి మలుపు దాటాక ఎల్లేష్ అన్నాడు, "పది మందిల ఇజ్జత్ దీసినవ్. నోరులేని జంతువు మీద గంత కుళ్లేందే నీకు?"

"కుళ్లే" అంది స్వరూప అతని వీపు వెనక నుంచి. "మూడేండ్ల సంది కుళ్లుకుంటున్న. దాన్ని సూసుకున్నట్టు నన్ను సూసుకోమని నేనెన్నడన్న అడిగిన్నా? అడగనీకి సిగ్గయింది."

ఎల్లేష్ ఇంటికొచ్చి, ఆమె బ్యాగులోని ఫ్యాక్టరీ కాగితం తీసి, వంకర అక్షరాలతో ఆమె పేరూ, భర్త పేరు దగ్గర తన పేరూ రాసి, చేతిలో పెట్టాడు. "సంతకం పెట్టు. అర్జీల మాట వేరే, ఇల్లు నడిచేది వేరే" అన్నాడు. గొంతులో కోపం లేదు. అడిగినట్టుగానే ఉంది. స్వరూప కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం పొద్దున సూపర్వైజరు కాగితాలన్నీ తీసుకుంటూ ఆమె కాగితం దగ్గర ఆగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సంతకం లేదేందమ్మా? మీ ఆయన ఒప్పుకున్నడని నువ్వే చెప్పినవ్ గదా?"

"ఆయన ఒప్పుకున్నడు సార్" అంది స్వరూప. "నేనే ఒప్పుకోలె."