పోయినేటి మాటలు పూసే తీగ

పొద్దున్నే గోడకు అటు అక్క మొక్కలకు నీళ్ళు పోస్తుంటే, ఇటు చెల్లెలు కుట్టుమిషను తొక్కుతూ ఉండేది. మధ్యలో పసుపు గులాబీ తీగ. వేరు అక్క పెరట్లో, పూలు చెల్లెలి కిటికీ మీద. ముళ్ళు లేని రకం. ఏడాదికి ఒక్కసారే, అదీ ముందటేడు సాగిన కొమ్మలకే పూస్తుంది. దాని పాదు దగ్గర ఏం మాట్లాడితే అది మరుసటేడు పూలు పలుకుతాయి. పక్కింటి బాబాయి ఓసారి అక్కడ నిలబడి పెళ్ళాం మీద సణిగాడు. ఏడాది తిరిగాక పూలన్నీ అదే సణుగుడు. పాపం, అప్పటికి ఇద్దరూ రాజీపడి హాయిగా ఉన్నారు!

సరే, అసలు సంగతికొస్తాను. వాళ్ళమ్మ మంచాన పడేముందు ఓ సాయంత్రం తీగ దగ్గర చాలాసేపు కూర్చుని ఏదో చెప్పింది. "పూసినప్పుడు వినండర్రా" అంది. ఆ వానాకాలంలోనే పోయింది. చలికాలం రాగానే అక్క, తీగ గుబురుగా ఉందని, మిగతా గులాబీలకు చేసినట్టే కొమ్మలన్నీ కత్తిరించేసింది. ఆ ఏడు ఒక్క పువ్వూ లేదు.

"అమ్మ మాట కోసేశావు కదక్కా!" అంది చెల్లెలు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. అప్పట్నుంచి పూల నెల వస్తే, అవేం పలికినా వినకూడదని చెల్లెలు కిటికీ బిగించుకునే కుట్టుకునేది.

ఇన్నేళ్ళకు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు పోతోంది. బట్టలు కత్తిరించే బల్ల గదిలోనే చేయించినదేమో, గుమ్మంలో పట్టలేదు.

"కిటికీలోంచి దించాలమ్మా," అన్నాడు బండివాడు.

"పూల నెల నాయనా, తెరవకూడదు."

"పూలేమన్నా కరుస్తాయా?" అంటూ గడియ తీసేశాడు.

గుత్తులు లోపలికి వాలాయి. అక్క గొంతు, పోయినేటి దగ్గుతో సహా: "ఒసే తీగా, దాని కిటికీకి నీడ మాత్రం ఇవ్వు, పలక్కు. నా గొంతు వింటే ఏడుస్తుంది, కళ్ళు మసకేసి సూది గుచ్చుకుంటుంది. మొన్న వీధిలో చూశాను, జుట్టంతా నెరిసిపోయింది పిచ్చిదానికి."

బండివాడు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "దించమంటారా, వద్దా?"

చెల్లెలు కిటికీలోంచి తల బయటపెట్టి గోడ మీదుగా అరిచింది. "నీ జుట్టేమన్నా నల్లగా ఉందా?"

అటు నీళ్ళ చప్పుడు ఆగింది. "రంగేస్తున్నానే," అంది అక్క.

చెల్లెలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బల్ల ఎక్కడిదక్కడ పెట్టెయ్ బాబూ. కిటికీ మాత్రం ముయ్యకు."