నాయనమ్మ రెండు వేళ్లు

పొద్దున్నే కత్తుల షాపు తీయగానే నాయనమ్మ చేసే మొదటి పని అలమరలోని సీసాలో నూనె మార్చడం. అందులో ఆవిడవే రెండు వేళ్లు ఉండేవి. ముప్పై ఏళ్ల కిందట మోటారు సాన మీద పోయాయి. గోళ్లు ఇంకా పెరుగుతూనే ఉంటే వారానికోసారి కత్తిరించేది. షాపులో ఎవరి చెయ్యి తప్పుగా పడినా అవి లోపల్నుంచి టకటకా గాజు కొట్టేవి.

మనవరాలికి ఎనిమిదేళ్లు. ప్రతిదానికీ ఛీ అంటుందని ఇంట్లో ఛీఛీ అన్న పేరే ఖాయమైంది. సాన కింద తొట్టిలో చేరే నల్లటి బురద కుళ్లిన గుడ్డు కంపు కొట్టేది. గోళ్లలోకి పోతే సబ్బుకి లొంగేది కాదు. తినడానికి కూర్చుంటే పిల్ల చెయ్యి వాసన చూసుకుని కంచం పక్కకి తోసేసేది. అయినా సెలవులయ్యేలోగా ఒక్క కత్తయినా సొంతంగా చెయ్యాలని దాని పంతం.

మొదటి వారం నాయనమ్మ పిల్ల చేత చెక్క కత్తి చేయించింది. రెండో వారం పదును లేని రేకు బల్లకి బిగించి, అరగదీయడానికి ఆకురాయి ఇచ్చింది.

"ముందుకి తొయ్యి. నీ వైపు లాగావో, సీసా మోగుతుంది."

మోగింది కూడా.

"ఛీ! వాటిని చూస్తే డోకొస్తోంది నాయనమ్మా!"

"నాకూ అంతేనే. అందంగా ఉన్నాయని దాచుకున్నాననుకున్నావా?"

"మరి సానెప్పుడు?"

"వచ్చే వారం. నేను పక్కనుంటేనే. కళ్లద్దాలు పెట్టుకుని, జుట్టు ముడేసుకుని, ఉత్త చేతుల్తో."

"బురదంటుకుంటుందిగా!"

"అంటుకోనీ. గ్లౌజులేసుకుంటే రాయి గుడ్డని పట్టుకుంటుంది, గుడ్డ చేతిని వదలదు. నావెలా పోయాయనుకున్నావ్?"

షాపులో బేరాలు చూసేది బాబాయి. చొక్కా మీద చుక్క పడితే ఇల్లు పీకి పందిరేసేవాడు. తొట్టి ఎత్తిపొయ్యమంటే మాత్రం ఆ చుట్టుపక్కల కనిపించేవాడు కాదు. అలాంటి శుభ్రం కన్నా బురదే నయం. నాయనమ్మ బొగ్గులకి వెళ్లిన పూట పిల్లకి తెల్లటి గ్లౌజులు తెచ్చిచ్చాడు.

"మా అమ్మదంతా చాదస్తం. ఇవేసుకుని సాన పట్టు, గోళ్లకి మట్టంటదు."

సీసాలో టకటక మొదలైంది.

"ఈ దరిద్రం ఒకటి ప్రాణానికి!" అంటూ బాబాయి ముక్కు మూసుకుని సీసాని బురద తొట్టిలోకి వంచేశాడు. మోటారు స్విచ్ నొక్కి, ఫోనొస్తే బయటికి పోయాడు.

ఛీఛీ గ్లౌజులు తొడుక్కుని రేకుని రాయికి ఆనించబోయింది. మణికట్టు మీద చల్లగా, జిగటగా ఏదో పాకింది. చూస్తే బురదోడుతున్న రెండు వేళ్లు. గ్లౌజు అంచు పట్టుకుని లాగుతున్నాయి.  కెవ్వుమని చెయ్యి విదిలించింది. వేళ్లు తొట్టిలో పడ్డాయి, ఊడిన గ్లౌజు రాయి మీద పడింది. రాయి దాన్ని గుంజుకుని రెప్పపాటులో పీలికలు చేసింది. పిల్ల నాయనమ్మ నేర్పినట్టే ముందు మోటారు ఆపింది. తర్వాత మూలకి పోయి కక్కుకుంది.

నాయనమ్మ వచ్చేసరికి ఛీఛీ మోచేతుల దాకా చేతులు బురదలో పెట్టి వెతుకుతోంది. కింద పడున్న పీలికలు చూసి నాయనమ్మ లోపలికెళ్లి సబ్బు తెచ్చిచ్చింది.

గుమ్మంలో బాబాయి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పిల్ల తలెత్తి ఆయన్ని పైనుంచి కిందకి చూసింది.

"ఛీ," అంది.

ఆ సాయంత్రం అది కుళాయి దగ్గర కూర్చుని పన్నెండు గోళ్లు తోమింది. పది తనవి, రెండు నాయనమ్మవి.