పెద్దన్న పరుగు

మే నెల పంతొమ్మిదో తేదీ, మంగళవారం ఉదయం. అగ్నిమాపక కేంద్రం పై అంతస్తులోని వ్యాయామపు గదిలో ఆ రోజు ఉన్నవారు నలుగురు: పరీక్ష జరపడానికి వచ్చిన డాక్టరమ్మ, కేంద్రం అధికారి, ఫైరింజన్ డ్రైవరు, పరీక్షకు నిలబడిన పెద్దన్న. పెద్దన్న అనేది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. అక్కడ అందరికన్నా ముందు ఉద్యోగంలో చేరినవాడు గనుక అధికారితో సహా అందరూ అలాగే పిలిచేవారు. భార్య తమ్ముడైన డ్రైవరు ఒక్కడే బావా అనేవాడు. ఆ వరుస ఇచ్చిన చనువును ఒక్క పూట కూడా వృథాగా పోనిచ్చేవాడు కాదు.

ఏటా పరుగు పరీక్ష వెనక మైదానంలో జరిగేది. ఈసారి ఎండలకు వాకిట్లో తారు కరిగి బూట్లకు అంటుకుంటోంది. పొరుగు కేంద్రంలో ఒకతను పరుగు మధ్యలోనే సొమ్మసిల్లిపోవడంతో, పరీక్షలన్నీ గదిలో ట్రెడ్‌మిల్ మీదనే జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నెగ్గితే పెద్దన్నకు ఫైరింజన్ మీద చోటు ఉంటుంది. లేకపోతే కింద టెలిఫోను గదిలో కుర్చీ. ఎక్కడో ఇల్లు తగలబడుతోందని విని, చిరునామా రాసిచ్చి, తాను లేకుండా బయటికి వెళ్లే బండి చప్పుడు వింటూ కూర్చోవడం తలచుకుంటేనే అతని ప్రాణం ఉసూరుమనేది.

ఆ యంత్రాన్ని అతడు అంతవరకూ ఎక్కి ఎరగడు. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉండేదానికి అంత ఆయాసమెందుకని కుర్రవాళ్లను ఆటపట్టించినవాడే. పక్కనున్న కడ్డీలు పట్టుకోకూడదనీ, అవకాశాలు రెండే ఉంటాయనీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

మొదట పరుగు బాగానే సాగింది. ఊపిరి తడబడలేదు, కాళ్లు బరువెక్కలేదు. కానీ అడుగడుగుకూ మనిషి ఎడమవైపు జరిగిపోతున్నాడు. మధ్యకు రావాలని పళ్లు బిగించినకొద్దీ మరింత జరిగాడు. చివరకు బూటు అంచుకు తగిలి, పడబోయి, కడ్డీ పట్టుకున్నాడు. డాక్టరమ్మ యంత్రం ఆపేసింది. ఒక అవకాశం చేజారింది.

కిందికి దిగితే నేల కూడా కదులుతున్నట్టే తోచింది. బల్ల మీద కూలబడి తల వంచుకున్నాడు. ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్న అధికారి, కిటికీ తెరను సర్దుతూ నిలబడ్డాడు.

డ్రైవరు మాత్రం ఊరుకోలేదు.

"దారంతా నీదే కదా బావా, పక్కకెందుకు పోతావ్? భుజం మీద పైపు ఉందనుకున్నావా ఏంటి?"

పెద్దన్న నవ్వలేదు. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అతన్ని చొక్కా తీసి నిలబడమంది. వెనక్కి వెళ్లి వీపును, భుజాలను చాలాసేపు పరిశీలించింది.

"ఎప్పుడూ కుడి భుజం మీదేనా మోసేది?"

"ఎడమ చేత్తో మెట్ల కడ్డీ పట్టుకోవాలి కదమ్మా."

మిగతావాళ్ల సంగతేమిటని ఆమె అధికారిని అడిగింది. అందరూ పెద్దన్న దగ్గర నేర్చుకున్నవాళ్లేననీ, అతనెలా మోస్తే తామూ అలాగే మోస్తున్నామనీ అధికారి చెప్పాడు.

ఏళ్ల తరబడి కుడివైపు బరువుకు సరితూగడానికి ఎడమకు వాలిన ఒళ్లు బరువు లేకపోయినా వాలుతూనే ఉందని డాక్టరమ్మ వివరించింది. నేల మీద ఎదురుగా ఏదో ఒక గురి ఉంటుంది గనుక అడుగు సర్దుకుంటుంది. ఇక్కడ ఎదురుగా ఉన్నది గోడ. ఆ బరువు భుజాన ఉంటే ఒళ్లు సరితూగుతుందని, రోజూ మోసే నీళ్ల గొట్టం తెప్పించమని ఆమె కోరింది. నిబంధనలు ఒప్పుకుంటాయా అని అధికారి నసిగాడు.

"ఆసరా తీసుకోకూడదని ఉంది. బరువు మోయకూడదని ఎక్కడా లేదు. నేను రాసిస్తాను."

డ్రైవరు కిందికి వెళ్లి గొట్టపు చుట్ట మోసుకొచ్చి, బావ భుజానికెత్తాడు. యంత్రం కదిలింది. ఈసారి పెద్దన్న గీత గీసినట్టు నడిమధ్యనే పరుగెత్తాడు. అయితే ఈ బరువుతో ఇంతసేపు ఆగకుండా పరుగెత్తిన రోజు అతని ఉద్యోగంలోనే లేదు. సగం దాటేసరికి తొడలు మండాయి. చెమట కళ్లలోకి కారి గోడ మసకబారింది. చివర్లో ఎడమ చెయ్యి తనంత తానే కడ్డీ దాకా వెళ్లింది. వేళ్లు ముడిచి వెనక్కి లాక్కున్నాడు. యంత్రం నెమ్మదించి ఆగాక, చూస్తున్న ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు.

నాడి కుదుటపడేదాకా డాక్టరమ్మ అతని మణికట్టు వదల్లేదు. నెగ్గాడనే చెప్పింది, ఒక షరతు మీద. ఈ ఏడాదంతా ఎడమ భుజాన కూడా మోయడం అలవాటు చేసుకోవాలి. వచ్చే ఏడు ఉత్త భుజాలతోనే పరుగెత్తాలి.

"ఈ వయసులో మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలా అమ్మా?"

"నేర్పింది నువ్వే కదా బావా," అన్నాడు డ్రైవరు. "మమ్మల్నందర్నీ ఓ పక్కకి ఒరగబెట్టావ్."

అది వేళాకోళమే. అయినా పెద్దన్న ముఖం చిన్నబోయింది. తాను పని నేర్పిన కుర్రవాళ్లు ఒక్కొక్కరే కళ్లముందు మెదిలారు. భుజాన ఏమీ లేకపోయినా అందరూ ఒకే పక్కకు వాలి నడుస్తున్నారు. అధికారి వైపు తిరిగాడు.

"రేపటి డ్రిల్‌లో అందరికీ ఎడమ భుజమే సార్. ముందు నేను మోస్తాను. తడబడితే నవ్వుకోనివ్వండి."

అధికారి తల ఊపాడు. డాక్టరమ్మ కాగితం మీద షరతు రాసి సంతకం చేసింది. పెద్దన్న దాన్ని అక్షరమక్షరం చదివి, తన సంతకమూ చేశాడు. సిరా ఆరేదాకా ఆగి, అధికారి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బీరువాలో భద్రపరచి తాళం వేశాడు.