అక్క అచ్చు

ఊళ్ళో సగం నవ్వులు తన చేతి పనేనని కట్టుడు పళ్ళు చేసే అతను జోకులేసేవాడు. అబద్ధమేం కాదు. ఎవరొచ్చినా వారంలో పళ్ళ సెట్టు కట్టిచ్చేవాడు, ఒక్క అక్కకి తప్ప. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యుడే పెరటి చెట్టును పట్టించుకోలేదు.

మరిచాడంటే అన్యాయం. తల్లి పోయాక తనను పెంచిన అక్క. ఆమె పళ్ళన్నీ తీయించుకున్నాక చిగుళ్ళ అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, దాని మీద పెన్సిలుతో "అక్క" అని రాసి, కళ్ళెదుటే అలమారలో పెట్టాడు. అందరికీ కట్టినట్టు కాదు, అక్కకి ఒక్కో పన్నూ ఏరి తీరిగ్గా కట్టాలనుకున్నాడు. ఆ తీరిక రాలేదు. అరిచేవాళ్ళ పని ముందు అయ్యేది. అక్క అరిచే మనిషి కాదు.

"రేపు కూర్చుంటానక్కా," అనేవాడు ఫోన్లో.

"తొందరేం లేదురా. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాలే."

ఏడాది తిరిగేసరికి ఆ మంచి మాటే ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక వెళ్ళడం తగ్గించాడు. తర్వాత ఫోన్లూ తగ్గించాడు. మేనకోడలి పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ అక్క నోటికి చెయ్యి అడ్డమే.

మూడో ఏడు మేనకోడలు ఫోన్ చేసింది. "అమ్మ మంచం దిగట్లేదు మామయ్యా. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు."

అప్పుడు షట్టరు దించి కూర్చున్నాడు. రెండు రోజుల్లో అయిపోయింది. మూడేళ్ళు అతను మోసింది రెండు రోజుల పనిని.

తీసుకెళ్ళి ఇస్తే, అక్క మంచం మీదే సెట్టు పెట్టుకుంది. అద్దం అడిగి చూసుకుని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

"ఇంకా ఆ చెయ్యెందుకక్కా?"

"అలవాటైపోయిందిరా."

అలవాటు కాదని అతనికి తెలుసు. చిగుళ్ళు అరుగుతాయి, పాత అచ్చు మీద కట్టిన సెట్టు నిలవదు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికీ తెలిసే సంగతి. అక్క ఎదుటపడి కొత్త అచ్చు అడగడానికి మొహం చెల్లక పాతదాని మీదే కట్టాడు. తమ్ముడు చూడకుండా, పళ్ళు జారిపోకుండా, ఆమె వేళ్ళతో పట్టుకుంటోంది.

"కొత్త అచ్చు తీస్తానక్కా. ఇప్పుడే."

"తొందరేం లేదురా."

సంచి తెరిచి, గిన్నెలో అచ్చుముద్ద కలిపాడు. అది గట్టిపడేదాకా మూడు నిమిషాలు నోరు తెరిచి ఉంచాలి. అక్క తమ్ముడి కోసం రెండుసార్లు ప్రయత్నించింది. ఊపిరి చాలక తల పక్కకి తిప్పేసుకుంది. ముద్ద అతని చేతిలోని గిన్నెలోనే గట్టిపడిపోయింది.

"రేపు చూద్దాంలేరా," అంది అక్క, ఏడుస్తున్న తమ్ముణ్ణి ఊరుకోబెడుతూ.