తిరుమలయ్య తేని బిళ్ళ

మా తిరుత్తణి చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళాలంటే చేతిలో సీసపు బిళ్ళ ఉండాలి. ఎప్పుడో స్కాట్లండు నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ దొరలు పెట్టిపోయిన పద్ధతి. దొరలు పోయారు, చర్చి బోర్డు మీద పేరు మారింది, బిళ్ళ మాత్రం పోలేదు. మూడు నెలలకొకసారి శనివారం నాడు వీధి పెద్ద, అంటే ఆ వీధికి సంఘం పెట్టిన మనిషి, ఇంటింటికీ వచ్చి గడప దగ్గర బిళ్ళ చేతికిస్తాడు. ఆదివారం దాన్ని తిరిగి ఇచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. ఒక వీధి పెద్ద ఇంకో వీధిలో పంచకూడదు. ఎవరికి ఇచ్చావు, ఎవరికి ఇవ్వలేదు అని ఇంకో పెద్దను అడగనూ కూడదు.

మా అమ్మ సరసమ్మకు ముప్పై ఏడేళ్ళుగా బిళ్ళ రాలేదు. కారణం నేనే. నాలుగేళ్ళప్పుడు నాకు విషజ్వరం వచ్చింది. ఏ మందూ పనిచేయలేదు. ఆడికృత్తిక పండగ నాడు అమ్మ పక్కింటి అలమేలు అత్తతో కలిసి పూలకావడి ఎత్తుకుని కొండమీది గుడికెక్కింది. నేను బతికాను. ఎవరి దయవల్ల బతికానో తేల్చే తెలివి నాకు లేదు, తేల్చాలన్న కోరికా లేదు. సంఘ పెద్దలు మాత్రం ఒక్క పూటలో తేల్చేసి అమ్మను బల్ల నుంచి నిలిపివేశారు.

అప్పటి నుంచి అమ్మ ప్రతి ఆదివారం చర్చికి వస్తుంది, చివరి బెంచీలో కూర్చుంటుంది. బల్ల ఉన్న నాడు రొట్టె పళ్ళెం కదలగానే లేచి బయట వేపచెట్టు కింద నిలబడుతుంది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. బల్ల తీసుకునే వయసు వచ్చి వీధి పెద్ద మొదటిసారి నాకు బిళ్ళ తెచ్చిననాడు, "మా అమ్మకి లేంది నాకెందుకు?" అని ఆయన మొహం మీదే తలుపేశాను. నలభై దాటినా తీసుకోలేదు. మొండిదాన్నని ఊరంతా అంటుంది. నేనూ కాదనను.

1982లో చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయని చరిత్ర పుస్తకం వేద్దామన్నారు. మా వీధి పెద్ద జయరామ్, రైల్వేలో గుమాస్తా, ఆ పని నెత్తినేసుకున్నాడు. బీరువా తెరిస్తే పెద్దల సభ పుస్తకాలన్నీ తెలుగులో ఉన్నాయి, మా ఊరు తమిళనాట కలవకముందు చిత్తూరు జిల్లాలో ఉన్నప్పటి రాత. జయరామ్‌కు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదువూ రాతా తమిళమే. తిరువళ్ళూరు హాస్టల్లో చదివిన నాదీ అదే కథ. ఆ రాత చదవగల పెద్దవాళ్ళు ఇద్దరు మిగిలితే, ఒకాయనకు చూపు పోయింది. రెండో మనిషి మా అమ్మ.

"అక్కా, అమ్మని చదివి చెప్పమను. నేను తమిళంలో రాసుకుంటా," అంటూ జయరామ్ పుస్తకాల సంచితో వచ్చాడు.

ఆ పుస్తకాల్లో అమ్మను నిలిపివేసిన 1944 కూడా ఉంటుంది. పాపం జయరామ్‌కు ఆ సంగతే తెలియదు. తనకిచ్చిన జాబితాలో అమ్మ పేరు లేదు, అంతే.

"వద్దు, అమ్మకి కండ్లు నొప్పి," అన్నాను.

"నా కండ్లకేం రోగం?" అని అమ్మ అద్దాలు తుడుచుకుంది.

మూడు మధ్యాహ్నాలు చదివింది. బావి తవ్వించడం, గంట పగలడం, పొదటూరుపేటలో ఒక పెళ్ళి తగాదా, ఏదీ వదల్లేదు. మూడోనాడు ఒక పేజీ దగ్గర ఆగి అద్దాలు తుడుచుకుంది. నాకు అర్థమైంది.

"విడుమా, వదిలెయ్. పేజీ తిప్పెయ్," అన్నాను.

"తిప్పేస్తే చరిత్ర ఎట్లయితాది?" అని చదివింది. "'పాతవీధి సరసమ్మ కొండకు కావడి మోసినందున ప్రభువు బల్ల నుండి నిలుపబడినది.' రాసుకో జయరామూ. అది నేనే."

అమ్మ పేజీ తిప్పింది. ఈసారి ముందు లోపల చదువుకుంది, తరవాత పైకి చదివింది.

"1945 ఫిబ్రవరి పదో తేదీ. 'బిడ్డ కొరకు తల్లి పడిన దుఃఖమును ఆలోచించి సరసమ్మ మీది నిలుపుదల ఎత్తివేయడమైనది. వీధి పెద్ద తిరుమలయ్యగారు స్వయముగా ఆమెకు తెలిపి బిళ్ళ అందజేయవలెను.'"

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. "తిరుమలయ్య మామ రాలేదే! మా గడపకి రానేలేదే!"

దాని కిందే ఉంది జవాబు. ఫిబ్రవరి పన్నెండున తిరుమలయ్యగారు ప్రభువునందు నిద్రించారు. తీర్మానం జరిగిన రెండు రోజులకే పోయాడు. ఆయన చెప్పే పోయాడని, సరసమ్మే అలిగి రావడం లేదని మిగిలిన పెద్దలు అనుకున్నారు కాబోలు. ఇంకొకరి వీధి సంగతి అడగకూడదు కదా! కొత్త పెద్ద పాత జాబితాను చూసి రాసుకున్నాడు, ఆ తరవాతి పెద్ద దాన్ని చూసి రాసుకున్నాడు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎవరిని తిట్టాలో తెలియక ఏడ్చాను.

జయరామ్ లేచాడు. "అమ్మా, బిళ్ళల డబ్బా చర్చిలోనే ఉండాది. ఇప్పుడే పోయి తెస్తా."

"ఇప్పుడెందుకు? బిళ్ళలు పంచే శనివారం రా. అందరిండ్లకీ వచ్చినట్టు మా గడపకీ రా."

ఆ శనివారం అమ్మ తెల్లారకముందే వాకిలి ఊడ్చి, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. జయరామ్ వచ్చి రెండు చేతులతో బిళ్ళ ఇచ్చాడు. తరవాత బెదురుగా నా వైపు తిరిగాడు.

"అక్కా, నీది కూడా తెచ్చినా. తలుపు మాత్రం వెయ్యొద్దు."

నేను చెయ్యి చాచాను.

ఆదివారం ఇద్దరం ముందు వరసకు నడిచాం. జయరామ్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నేను నా బిళ్ళ వేశాను. అమ్మ పిడికిలి విప్పలేదు. వెనక జనం ఆగిపోయారు.

"అమ్మా, వెయ్యాల," అన్నాడు జయరామ్ మెల్లగా.

"తెలుసులే. మళ్ళా మూడు నెలలకి తెస్తావు గదా?"

"తెస్తానమ్మా."

"నీకేమన్నా అయితే?"

చుట్టూ ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"నీ బదులు ఎవురు తేవాలో పుస్తకంలో రాసిపెట్టు," అంది. "తమిళంలోనే రాయి, పరవాలేదు."

"రాస్తానమ్మా," అన్నాక, అప్పుడు బిళ్ళ డబ్బాలో వేసింది.