తెలుసుకునే దూప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినా అది తగ్గలేదు. రిటైరయ్యాక ఎనుమాముల మార్కెట్ పక్కన, ఓపెన్ స్కూల్ పదో తరగతి రాసే పెద్దవాళ్లకు సాయంత్రాలు చదువు చెబుతున్నాను. వాళ్లలో బక్కమ్మ ఒకతె. యాభై దాటిన మనిషి, పగలంతా మార్కెట్‌లో మిరపకాయలు ఏరుతుంది.

ఈమధ్య ఒకరోజు బోర్డు మీద ‘జిజ్ఞాస’ అని రాసి, తెలుసుకోవాలనే కోరిక అని అర్థం చెప్పాను. ఆ మాట ఎట్లా పుట్టిందని బక్కమ్మ అడిగింది. పరీక్షలో అర్థమే అడుగుతారు, పుట్టుక అడగరు, కూర్చోమని కసిరాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత మూడు రోజులు ఆమె తరగతికి రాలేదు. చదువు మానేస్తుందట అని తోటివాళ్లు చెబితే నాకు అన్నం సహించలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మిరప ఘాటుకు తుమ్ముకుంటూ మార్కెట్‌కు వెళ్లాను. పరకాల నుంచి వచ్చిన రైతు సదానందం పోసిన మిరప రాశి దగ్గర బక్కమ్మ కూర్చుని ఉంది. తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన పడేయడమే ఆమె పని. ఆమె మాత్రం ఒక కాయను చెవి దగ్గర ఊపింది. గింజలు గలగలమనలేదు. రాత్రి రాశి మీద పట్టా కప్పావా, కప్పేసరికి కాయ ఎండిందా, అడుగున చూశావా అని ఒకదాని వెంట ఒకటి అడిగింది. సదానందం విసుక్కుంటూనే రాశి అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాడు. అడుగు కాయంతా చెమ్మగా ఉంది. అట్లాగే సంచులకెత్తితే బూజు పట్టేది. వెంటనే ఆరబోయడానికి మనుషుల్ని పిలిచాడు.

ఆమెను చూస్తే ఎంతో గొప్పగా అనిపించింది. నన్ను చూసుకుంటే సిగ్గేసింది.

“తప్పు నాదే బక్కమ్మా” అన్నాను. ఆ రోజు చెప్పనిది అక్కడే చెప్పాను. సంస్కృతంలో ‘పా’ అంటే తాగడం, తాగాలనే కోరిక పిపాస, మన దూప. ‘జ్ఞా’ అంటే తెలుసుకోవడం, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస. రెండూ ఒకే తీరున పుట్టిన మాటలు.

ఆమె చేతిలోని కాయను పక్కన పెట్టింది.

“నీళ్ల దూప తాగితె పోతది సారూ. మరి గిది తెలిసినకొద్ది ఎక్కువైతది, ఎందుకు?”

ఇన్నేళ్లలో నాకా ప్రశ్నే తట్టలేదు. తెలియదని చెప్పాను. ఒక విద్యార్థి ముందు ఆ మాట అనడం నాకదే మొదలు.

“మీకు గూడ తెల్వదా?” బక్కమ్మ ముఖం విప్పారింది. “గట్లయితె సాయంత్రం అస్త.”